‘కాసేపు ఆపుకోలేవా?’ అని అడిగే ముందు

కిందటి నెల ఈ శీర్షికలో మాటవరసకి నా సంగతి రెండు ముక్కలు రాశాను. నాకు ఆటిజం ఉందని, దానితోపాటు చిన్నప్పటినుంచి టిక్స్ కూడా ఉన్నాయని, అంటే నా ప్రమేయం లేకుండా మెడ ఎడమవైపు విదులుతుందని, గొంతులోంచి ‘హుక్’ అని శబ్దం వస్తుందని. దాంతో ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వీటి గురించే. కొన్ని చదువుతుంటే కోపం వచ్చింది. రాసినవాళ్ళ మీద కాదు, అంతకుముందు వాళ్ళకి దొరికిన సలహాల మీద. నేను డాక్టర్ని కాను. విశాఖ పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో కాగితాలు సరిచూసే ఉద్యోగం నాది. ఒంట్లో ఇవి పెట్టుకుని బతుకుతున్నదాన్నిగా, చదివి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నదాన్నిగా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మాది గాజువాక. మా బాబుకి తొమ్మిదేళ్ళు. నాలుగో ఏట ఆటిజం అని చెప్పారు. సంతోషం వస్తే చేతులు ఆడిస్తాడు, గెంతుతాడు. అది మాకు అలవాటే. వేసవి సెలవుల తరవాత నుంచి కళ్ళు గట్టిగా ఆర్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు గొంతు సవరించుకుంటున్నట్టు శబ్దం కూడా చేస్తున్నాడు. కళ్ళ డాక్టరుగారు చుక్కల మందు ఇచ్చారు, తగ్గలేదు. మా అత్తగారు దిష్టి అని తాయత్తు కట్టించారు. స్కూల్లో టీచరు ‘కావాలనే చేస్తున్నాడు, ఇంట్లో గట్టిగా చెప్పండి’ అంటున్నారు. మేం ‘ఆపు నాన్నా’ అంటే ఒక నిమిషం ఆపుతాడు. అంటే ఆపగలడనే కదా? ఇది ఆటిజంలో భాగమేనా? తగ్గుతుందా?

జవాబు: అమ్మా, ‘ఒక నిమిషం ఆపుతాడు’ అన్నారు చూడండి, ముందు దాని సంగతి చెప్తాను. దోమ కుట్టినచోట గోక్కోకుండా మీరూ ఒక నిమిషం ఉండగలరు. రెండు నిమిషాలైనా ఉండగలరు. కానీ ఆ రెండు నిమిషాలూ మీ ధ్యాసంతా అక్కడే ఉంటుంది. పక్కన ఎవరేం చెప్పినా చెవికెక్కదు. చివరికి చెయ్యి వెళ్ళనే వెళ్తుంది. టిక్ కూడా అంతే. వచ్చే ముందు ఆ చోట ఏదో బిగుసుకున్నట్టు, ఏదో తీరనట్టు ఉంటుంది. కదిలితే తీరుతుంది. కాసేపటికి మళ్ళీ మొదలు. మీ వాడు క్లాసులో కళ్ళు ఆర్పకుండా బిగబట్టి కూర్చున్నాడంటే, టీచరు చెప్పే లెక్క వాడి తలకెక్కడం లేదన్నమాట. టీచరు గారికి వాడు బుద్ధిగా కూర్చున్నట్టు కనబడతాడు.

చేతులు ఆడించడం, కళ్ళు ఆర్పడం ఒకటి కావు. చేతులు ఆడించడం, గెంతడం లాంటివి చాలామంది పిల్లల్లో మూడేళ్ళ లోపే మొదలవుతాయి. ఒక లయలో సాగుతాయి, ఏళ్ళ తరబడి అదే తీరులో ఉంటాయి. అవి వాడికి ఇష్టం, హాయి. టిక్స్ ఎక్కువగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య, కొందరికి ఇంకాస్త ఆలస్యంగా మొదలవుతాయి. చటుక్కున వస్తాయి, లయ ఉండదు. కొన్నాళ్ళు కళ్ళు, తరవాత ముక్కు, ఆ తరవాత మెడ అని చోటు మారుస్తాయి. కొన్ని వారాలు కనబడకుండా పోయి మళ్ళీ వస్తాయి. ఆటిజం ఉన్నవాళ్ళలో ఇవి మిగతావాళ్ళలో కంటే ఎక్కువ. నాకు రెండూ ఉన్నాయి కాబట్టి తేడా లోపలినుంచే తెలుసు. మనసు కుదురుగా ఉన్నప్పుడు బొటనవేలితో మిగతా వేళ్ళని వరసగా తాకుతూ ఉంటాను. ఎవరైనా ఆపమంటే ప్రాణం ఉసూరుమంటుంది. మెడ విదలడం మాత్రం రేపు పొద్దున్నే పోయినా నాకు బెంగ లేదు. మీ వాడి చేతుల జోలికి ఎవరినీ వెళ్ళనివ్వకండి.

తగ్గుతుందా అంటే, టిక్స్ మామూలుగా పది, పన్నెండేళ్ళ వయసులో బాగా ఎక్కువగా ఉండి, టీనేజీ దాటేసరికి చాలామందికి తగ్గుముఖం పడతాయి. నాలాగా కొందరికి ఉండిపోతాయి. శరీరం కదిలే టిక్స్ ఒకటికి మించి, శబ్దం చేసేది కనీసం ఒకటి, మొదలై ఏడాది దాటితే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో తొమ్మిదిమంది రోగుల గురించి రాసిన జిల్ ద లా టూరెట్ అనే ఫ్రెంచి డాక్టరు పేరు అది. పేరు వినగానే హడలిపోకండి. అది మెదడులో కదలికల్ని నడిపించే వలయాలకి సంబంధించిన విషయం. మీ పెంపకం వల్ల వచ్చింది కాదు, సెల్‌ఫోను చూడటం వల్ల వచ్చింది కాదు, నరాల బలహీనతా కాదు. బలం మాత్రలు కొనకండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్ళండి. కొత్త మనిషి ఎదుట పిల్లలు తెలియకుండానే బిగబట్టేస్తారు, డాక్టరుగారికి ఏమీ కనబడదు. కేజీహెచ్‌లో (విశాఖలోని కింగ్ జార్జ్ హాస్పిటల్) న్యూరాలజీ విభాగం ఉంది. పిల్లల న్యూరాలజిస్టుకి చూపించినా మంచిదే. స్పృహ తప్పడం, పిలిచినా పలకకుండా శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, ఉన్నట్టుండి ఒకేసారి చాలా తీవ్రంగా మొదలవడం ఉంటే ఆలస్యం చేయకండి. అది వేరే సంగతి కావచ్చు. మందులు ఉన్నాయి: క్లోనిడిన్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటివి. ఒకదానికి నిద్రమత్తు, ఇంకోదానికి ఒళ్ళు రావడం లాంటి ఇబ్బందులూ ఉన్నాయి. నొప్పి పుట్టడం, దెబ్బ తగలడం, చదువు సాగకపోవడం వరకు వస్తేనే మందు గురించి ఆలోచిస్తారు. కళ్ళు ఆర్పితే చూసేవాళ్ళకి బాగాలేదన్నది మందు వేయడానికి కారణం కాదు.

ఇంట్లో ‘ఆపు’ అన్న మాట ఈ రోజే మానేయండి. ‘ఈ రోజు తగ్గిందే’ అని మెచ్చుకోవడం కూడా వద్దు. గమనిస్తున్నారని తెలిస్తేనే ఎక్కువవుతాయి. టీచరు గారికి ఒక కాగితం మీద రాసివ్వండి: ‘ఇవి టిక్స్. వాడి చేతుల్లో లేవు. మందలించవద్దు, పేరు పెట్టి పిలిచి చూపించవద్దు. అవసరమైతే నీళ్ళు తాగే వంకతో రెండు నిమిషాలు బయటికి వెళ్ళనివ్వండి.’ నోటిమాట కంటే కాగితానికి విలువ ఎక్కువ. మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి, మనవడి మీద ప్రేమతోనే కట్టించారు. తాయత్తు మెడకి కాకుండా మొలకి కట్టమనండి. మెడకి తాడు ఒరుసుకుంటూ ఉంటే మెడ టిక్ కూడా కొత్తగా పుట్టుకొచ్చే వీలుంది.

ప్రశ్న: అక్కా, నాకు ఇరవై నాలుగేళ్ళు. మధురవాడలో రూము, రుషికొండ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఆటిజం అని రెండేళ్ళ కిందటే తెలిసింది. తల అడ్డంగా ఊగే టిక్, భుజం ఎగరేసే టిక్ మాత్రం చిన్నప్పటినుంచీ ఉన్నాయి. ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపుకుంటాను. ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు. మధ్యమధ్యలో మెట్లవైపు వెళ్ళి వదిలేసి వస్తాను. రూముకొచ్చాక గంటసేపు తెరిపి ఉండదు. మెడనొప్పి, నోట మాట రాదు, అన్నం తినబుద్ధి కాదు. మొన్న మీటింగులో ఒకటి జారిపోతే మేనేజరు ‘ఏం, నీకు ఇష్టం లేదా?’ అన్నారు. విషయం చెప్పేయాలా? చెప్తే పక్కన పెట్టేస్తారేమోనని టెన్షన్. ఇంకా గట్టిగా ఆపుకునే మార్గం ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు: తమ్ముడూ, ఇంకా గట్టిగా ఆపుకునే మార్గం ఉన్నా నీకు చెప్పను. ఇప్పటికే నీ శక్తికి మించి ఆపుకుంటున్నావు.

నీకు జీతం వచ్చే ఉద్యోగం ఒకటే. చేస్తున్నవి మూడు. ఒకటి కోడ్ రాయడం. రెండోది, ఆటిజం ఉన్నట్టు తెలియకుండా మెలగడం: ఎదుటివాళ్ళ కళ్ళలోకి ఎంతసేపు చూడాలో లెక్కపెట్టుకోవడం, అందరూ నవ్వినప్పుడు నవ్వడం, నెత్తిమీద ట్యూబులైటు జివ్వుమంటున్నా వినబడనట్టు కూర్చోవడం. మూడోది టిక్స్ బిగబట్టడం. సాయంత్రానికి నోట మాట రాకపోవడం, అన్నం సహించకపోవడం నీ బలహీనత కాదు. ఆటిజం ఉన్నవాళ్ళం దాన్ని షట్‌డౌన్ అంటాం. ఉన్న శక్తి అయిపోయిందని ఒళ్ళు చెప్పే కబురు అది. ఆపుకుంటే తరవాత టిక్స్ రెట్టింపవుతాయా అని పిల్లల్ని పరీక్షగా చూసినప్పుడు అలా పెరిగినట్టు తేలలేదని డాక్టర్లు చెప్తారు. నేను కాదనను. కానీ ఆపుకోవడానికి పట్టే శ్రద్ధకి ఖరీదుంది. రోజంతా ఖర్చు పెడితే సాయంత్రానికి చేతిలో ఏమీ మిగలదు.

నా సంగతి చెప్తాను, నీకు పనికొచ్చేది తీసుకో. మద్దిలపాలెంలో బస్సెక్కి పాత పోస్టాఫీసు దాకా వెళ్తాను. మెడ ఎడమకి విదులుతుంది కాబట్టి ఎడమవైపు కిటికీ సీటు చూసుకుంటాను. అటు కిటికీ ఉంటుంది గానీ మనిషి ముఖం ఉండదు. సీటు లేకపోతే వెనకబస్సు ఎక్కుతాను. కాలరు ఉన్న కుర్తీ వేసుకోను. మెడ వెనక లేబుల్ కత్తిరించేస్తాను, కత్తిరించాక దారం పోగు గుచ్చుకుంటుంది కాబట్టి ఆ కుట్టు కూడా విప్పేస్తాను. చున్నీ మెడకి చుట్టను, ఒక భుజం మీద పిన్ను పెడతాను. నీకిది చిన్న విషయంలా అనిపించవచ్చు. ఆటిజంలో చర్మానికి, చెవికి తగిలే ప్రతిదీ పెద్దదే. అలా తగిలిందల్లా టిక్‌ని లేపుతుంది. మే నెల ఉక్కపోతలో మెడ మీద చెమట కారితే చాలు, నాకు విదలడం మొదలవుతుంది. అందుకే బ్యాగులో తడిబట్ట ఉంటుంది. నీ భుజం సంగతి ఒకసారి గమనించు. ల్యాప్‌టాప్ బ్యాగు ఏ భుజానికి వేస్తున్నావు? ఐడీ కార్డు తాడు మెడకి తగులుతోందా? ఏసీ గాలి ఎటునుంచి కొడుతోంది? ఆపుకోవడం కంటే లేపేవాటిని తగ్గించడం తేలిక.

ఆఫీసులో నా పని కంటైనర్ నంబర్లు సరిచూడటం. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కగడితే వచ్చేది. లెక్క కుదరలేదంటే ఎక్కడో తప్పు పడింది. షిప్పింగ్ బిల్లులు దగ్గర పెట్టుకుని ఆ నంబర్ల వెంట వెళ్తుంటే మెడ గుర్తుండదు, గొంతు గుర్తుండదు. అప్పుడు నేను ఆపుకోవడం లేదు, అవి రావడమే లేదు. మనసుకి నచ్చిన పనిలో మునిగితే టిక్స్ తగ్గడం చాలామందికి అనుభవమే. నీకు కోడ్‌లో అలాంటి భాగం ఉండే ఉంటుంది. మీటింగుల మధ్య ముక్కలు చేయకుండా ఆ పనికి రెండు గంటలు వరసగా దొరికేలా అడుగు. దానివల్ల కంపెనీకి కూడా లాభమే.

వదిలేయడానికి చోటు కావాలి. మెట్లవైపు దొంగచాటుగా కాదు, భయం లేకుండా. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసే వేళలో నేను ఆర్.కె. బీచ్‌కి వెళ్తాను. అలల హోరు ముందు నా ‘హుక్’ ఎవరికీ వినబడదు. నడిచేవాళ్ళలో ఒకాయన చేతులు గుండ్రంగా తిప్పుతూ వెళ్తాడు, ఇంకొకావిడ గట్టిగా చప్పట్లు కొడుతూ వెళ్తుంది, నేను మెడ విదిలిస్తూ వెళ్తాను. ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. నీకు రుషికొండ బీచ్ ఇంకా దగ్గర.

ఇక చెప్పడం. చెప్పాలనే నా అభిప్రాయం. కానీ ఎంత చెప్పాలో నీ ఇష్టం. టిక్స్ గురించి చెప్పడం వేరు, ఆటిజం గురించి చెప్పడం వేరు. మొదటిది ఎలాగూ కనబడేదే, అది ముందు చెప్పు. మీటింగులో అందరి ముందు కాదు, మేనేజరుకి విడిగా. మాటలు వెతుక్కోకుండా ముందే రాసి పెట్టుకో. నేను చెప్పినవి ఇవి: ‘నాకు టిక్స్ అని ఉన్నాయి. మెదడుకి సంబంధించిన విషయం. మెడ, గొంతు వాటంతట అవే కదులుతాయి. అంటుకునేది కాదు, పనికి అడ్డం కాదు. పట్టించుకోకుండా మాట్లాడుతూ ఉంటే చాలు.’ నీ విషయంలో ఇంకొకటి కలపాలి: ‘తల అడ్డంగా ఊగితే కాదన్నట్టు కాదు సార్, నోటితో చెప్పిందే నా మాట.’ నేను చెప్పినప్పుడు మా యజమాని కాగితంలోంచి తలెత్తి ‘సరే అమ్మా, ఆ ఇన్‌వాయిస్ అయిందా?’ అన్నారు. పక్క టేబుల్ ఆయన కొన్నాళ్ళు ఓరగా చూశాడు, తరవాత చూడటం మానేశాడు. టీ తెచ్చే అబ్బాయి మాత్రం గ్లాసు నిండా పోయకుండా ముప్పావు పోసి నా కుడిచేతివైపు పెట్టడం మొదలుపెట్టాడు. ఎవరూ చెప్పలేదు, చూసి తెలుసుకున్నాడు.

అందరికీ ఇంత సాఫీగా జరుగుతుందని మాట ఇవ్వలేను. అందుకే చట్టం కూడా తెలిసి ఉండాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ఒకటి రాసి పెట్టుకోవాలని ఆ చట్టమే చెప్తుంది. మీ హెచ్.ఆర్.ని ఆ కాగితం ఉందా అని మర్యాదగా అడుగు. అడిగినంత మాత్రాన నీ వివరాలన్నీ చెప్పాల్సిన పని లేదు.

వైద్యం ఒకటి ఉంది. 1973లో అజ్రిన్, నన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు హ్యాబిట్ రివర్సల్ అని ఒక పద్ధతి రాశారు. దానికి మరికొన్ని కలిపి, టిక్స్ కోసం ఇచ్చే ప్రవర్తనా శిక్షణగా ఇప్పుడు సీబిట్ అంటున్నారు. 2010లో 126 మంది పిల్లల మీద పది వారాలపాటు చేసిన పరిశీలనలో, ఈ శిక్షణ తీసుకున్నవాళ్ళలో సగానికి పైగా మెరుగుపడ్డారు. ఇది బిగబట్టడం కాదు. టిక్ రాబోతోందని ఒళ్ళు చెప్పే క్షణాన్ని ముందు పట్టుకోవడం నేర్పుతారు. ఆ తరవాత, ఆ కదలికకి వీల్లేని వేరే కదలిక నెమ్మదిగా చేయిస్తారు. మెడకైతే గడ్డం కాస్త కిందికి దించి, మెడ కండరాలు మెల్లగా బిగించి, ఆ తపన చల్లారేదాకా ఉండటం. గొంతుకైతే ముక్కుతో నిదానంగా ఊపిరి. ఆటిజం ఉన్న మనలో కొందరికి ఒంటి లోపలి కబుర్లు సరిగా అందవు. ఆకలి, దప్పిక కూడా ఆలస్యంగా తెలుస్తాయి. కాబట్టి ఆ మొదటి మెట్టుకే ఎక్కువ రోజులు పడతాయి. అది ముందే చెప్పు. సైకాలజిస్టుకి ఫోను చేసినప్పుడు ‘టిక్స్‌కి హ్యాబిట్ రివర్సల్ చేస్తారా, ఆటిజం ఉన్న పెద్దవాళ్ళతో పనిచేశారా’ అని రెండూ అడుగు. మెడనొప్పిని మాత్రం అశ్రద్ధ చేయకు. ఫిజియోథెరపిస్టుకి చూపించు. చేతులు తిమ్మిరెక్కుతుంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు.

ఒక మాట. టిక్స్ గురించి మాట్లాడినా రాసినా టిక్స్ ఎక్కువవుతాయి. ఈ జవాబు రాస్తుంటే నాకు మెడ ఆగడం లేదు. నీ ఉత్తరం రాసిన రోజు నీకూ ఇంతే అయి ఉంటుంది. అందుకని జబ్బు ముదిరిందనుకుని బెంగపడకు.

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఆటిజం, టిక్స్ రెండూ ఉన్నాయి. పరీక్ష హాలు ఎంత నిశ్శబ్దంగా ఉంటే నా గొంతు శబ్దం అంత ఎక్కువవుతుంది. ప్రీఫైనల్లో ఇన్విజిలేటర్ బయటికి పంపేస్తానన్నారు. చెయ్యి విదిలి పేపరు మీద గీతలు పడుతున్నాయి. పబ్లిక్ పరీక్షల్లో ఏం చేయను?

జవాబు: చెల్లీ, వైకల్య సర్టిఫికెట్ ఉందో లేదో రాయలేదు. లేకపోతే వార్డు సచివాలయంలోనో మీసేవలోనో సదరం (ఆ సర్టిఫికెట్ కోసం చేసే వైద్య పరీక్ష) స్లాట్ తీసుకోమని అమ్మానాన్నలకి చెప్పు. టూరెట్ పేరు ఆ 21 వైకల్యాల జాబితాలో లేదు, ఆటిజం ఉంది. కాబట్టి ఆటిజం మీదే సర్టిఫికెట్ వస్తుంది. వైకల్యం 40 శాతం, అంతకు పైన ఉండి, రాయడానికి ఇబ్బంది ఉందని వైద్యాధికారి సర్టిఫికెట్ తెచ్చినవాళ్ళకి రాసిపెట్టే మనిషిని, గంటకి కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయాన్ని ఇవ్వాలని 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు గంటల పరీక్షకి అది ఒక గంట. 40 శాతం రాకపోయినా అడగడం మానకు. రాయడంలో నిజమైన ఇబ్బంది ఉన్న మనిషికి శాతం లేదన్న కారణంతో సహాయకుణ్ణి కాదనకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సివిల్స్ రాసే ఒక అభ్యర్థి కేసు అది.

వీటన్నిటికంటే నీకు ముఖ్యంగా కావలసింది విడిగా ఒక గది. అందరి మధ్య కూర్చుంటే ‘శబ్దం వస్తుందేమో’ అన్న భయమే శబ్దాన్ని తెస్తుంది. గది వేరైతే సగం టిక్స్ అక్కడే పోతాయి. ప్రిన్సిపాల్ గారికి డాక్టరు లెటరుతో అర్జీ పెట్టు, ఇంటర్ బోర్డుకి పంపమని రాతపూర్వకంగా అడుగు. నకలు మీద కాలేజీ స్టాంపు వేయించుకో. పరీక్షల వారంలో కాదు, ఇప్పుడే. ఆ రోజు పొద్దున ఇన్విజిలేటర్ గారికి ఆ నకలు నువ్వు కాదు, మీ నాన్నగారు చూపించాలి. నువ్వు లెక్కలు చూసుకో.

ప్రశ్న: టూరెట్ ఉన్నవాళ్ళు రోడ్డు మీద బూతులు తిడతారట, నిజమేనా? (ద్వారకానగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అలా వచ్చేవాళ్ళు ఉన్నారు, కానీ తక్కువమంది. నూటికి పది, పదిహేనుమంది. తెరమీద అదే చూపిస్తారు కాబట్టి అందరికీ అదే గుర్తుంది. వాళ్ళు తిట్టడం లేదు, ఆ మాట వాళ్ళ నోటినుంచి వస్తోంది, అంతే. మాట పడినవాళ్ళ కంటే మాట వచ్చినవాళ్ళే ఎక్కువ కుమిలిపోతారు.

నాకు బూతులు రావు, విన్న మాట అతుక్కుంటుంది. మద్దిలపాలెం జంక్షన్లో ఆటోవాళ్ళు ‘కాంప్లెక్స్, కాంప్లెక్స్, జగదాంబ’ అని అరుస్తుంటే నా నోరు కూడా ‘జగదాంబ, జగదాంబ’ అంటుంది, అదే స్వరంలో. ఒకసారి ఒక ఆటో నా ముందు ఆగింది. ‘ఎక్కండమ్మా’ అన్నాడు. వెళ్ళనని చెయ్యి ఊపాను, నోరు మాత్రం ‘జగదాంబ’ అంటూనే ఉంది. అతను ఒక క్షణం చూసి, ‘మా అన్న కొడుకు కూడా ఇంతేనమ్మా’ అని చెప్పి, బస్సు వచ్చేదాకా ఎండ నా మీద పడకుండా ఆటో అక్కడే నిలిపాడు. మీరు రోడ్డు మీద అలాంటి మనిషిని చూస్తే చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. చూపు తిప్పేసుకోనక్కర్లేదు, చూస్తూ ఉండిపోనూ అక్కర్లేదు. మాట్లాడుతున్నది పూర్తి చేయండి. ఫోన్లో మాత్రం తీయకండి.

ప్రశ్న: అమ్మా, మాది పెందుర్తి. మా అమ్మాయికి ఇరవై ఆరు, ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం. చిన్నప్పటినుంచి ఆటిజం కొద్దిగా ఉంది, భుజం అదురుతుంది. మంచి సంబంధం వచ్చింది. చూపుల రోజు ఆ గంటసేపు కదలకుండా ఉంటే చాలు, పెళ్ళయ్యాక అవే సర్దుకుంటాయని మధ్యవర్తి అంటున్నారు. ఆ ఒక్క పూటకి మాత్ర ఏదైనా ఉందా? పుట్టే పిల్లలకి వస్తుందా?

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో అమ్మాయి వయసు ఉంది, ఉద్యోగం ఉంది, భుజం ఉంది. అమ్మాయి ఏమంటోందో లేదు. ముందు ఆమెని కూర్చోబెట్టి అడగండి. ఈ పెళ్ళి కావాలా, కావాలంటే ఈ విషయం ఎవరు చెప్పాలి, ఎంత చెప్పాలి అని. సంబంధం ఆమెది, భుజమూ ఆమెదే.

టిక్స్‌కి వాడే మందులు చాలావరకు మోతాదు మెల్లగా పెంచుకుంటూ వారాల మీద పనిచేసేవి. ఒక్క పూటకోసం మత్తుమాత్ర వేస్తే ఆ పూట అక్కడ మీ అమ్మాయి ఉండదు, నిద్రమొహం ఉంటుంది. మధ్యవర్తి గారు చెప్పిన రెండో మాట కూడా నిజం కాదు. పెళ్ళితో టిక్స్ సర్దుకోవు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త వాసనలు, నిద్ర చాలకపోవడం, ఇవన్నీ కలిసి మొదట్లో టిక్స్‌ని పెంచవచ్చు. అప్పుడు మీ అమ్మాయి అత్తగారింట్లో రోజంతా ఆపుకుంటూ, బాత్రూములో తలుపు వేసుకుని వదిలేసుకుంటూ బతకాలి. దాచిపెట్టి చేసిన పెళ్ళిలో ఆమెకి ఒక్క గంట కూడా విశ్రాంతి ఉండదు. నేను పెళ్ళి చేసుకోలేదు, చేసుకున్న స్నేహితురాళ్ళని చూశాను కాబట్టి చెప్తున్నాను.

పిల్లల గురించి అడిగారు. టిక్స్‌లో, ఆటిజంలో వంశపారంపర్యం పాలు ఉంది. అలాగని వచ్చి తీరుతుందనీ కాదు, రాదనీ కాదు. వచ్చినా ఆ బిడ్డకి విషయం తెలిసిన తల్లి ఉంటుంది. మీ అమ్మాయికి ఆ అదృష్టం దొరకలేదు, చాలామందికి దొరకదు.

అబ్బాయి తరపువాళ్ళకి చూపులకి ముందే, ఫోన్లో, మామూలు గొంతుతో చెప్పండి. దాచిన విషయం బయటపెడుతున్నట్టు కాదు, ఆమె ఉద్యోగం గురించి చెప్పినట్టే. అది విని వెనక్కి తగ్గేవాళ్ళయితే ఫోన్లోనే తగ్గనివ్వండి. వచ్చేవాళ్ళని పదిమందితో కాకుండా ముగ్గురు, నలుగురితో రమ్మనండి. అబ్బాయీ అమ్మాయీ విడిగా మాట్లాడుకునే సమయం అరగంటకి తగ్గకుండా చూడండి. కొత్తవాళ్ళతో మాట కుదరడానికి ఆటిజం ఉన్నవాళ్ళకి మొదటి పది నిమిషాలు ఎటూ చాలవు. పట్టుచీర జాకెట్టు చేతులు బిగుతుగా కుట్టించకండి, భుజం ఆడాలి. ఏ చీర కట్టుకోవాలో కూడా ఆమెనే ఎంచుకోనివ్వండి.